ఏడో రీలులో ఆవిడ

తప్పులుంటే మన్నించాలి. అరవై ఆరేళ్ళు వచ్చాక నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తులు ఇంకా నా మాట వినవు, దీర్ఘాలు ఉండాల్సిన చోట ఉండవు. ఒక మధ్యాహ్నం గంటా గంటన్నరలో జరిగిన సంగతి రాయడానికి నాకు నలభై రోజులు పట్టింది. "మీరు చెప్తూ ఉండండి అత్తయ్యా, అరగంటలో టైపు చేసి పడేస్తాను" అంది మా కోడలు. వద్దన్నాను. "నేను" అని మొదలుపెడితే పెన్ను అక్కడే నిలబడిపోతోంది, అందుకని "ఆమె" అని రాశాను. పరాయి మనిషిని చూసినట్టు కాస్త దూరం నుంచి చూస్తే చెయ్యి నడిచింది. మెల్లగా రాశాను, మీరూ మెల్లగానే చదవండి.

రెండు కావడానికి ఇంకా ఎనిమిది నిమిషాలు ఉందనగా ఆమె పీట లాక్కుని టీవీకి బాగా దగ్గరగా కూర్చుంది. అంత దగ్గర కూర్చుంటే కళ్ళు పోతాయని కోడలు అంటుంది గానీ ఈ వయసులో పోవడానికి కళ్ళెక్కడున్నాయి, కళ్ళజోడుంది, దాన్ని ఒకసారి తుడిచింది, ఊది మళ్ళీ తుడిచింది. కింద కోడలి కొట్లో జిరాక్సు మిషను తిరుగుతోంది. ఆ చప్పుడు నేలలోంచి పైకొచ్చి పీట కాళ్ళలోంచి ఒంట్లోకి ఎక్కుతుంది, సన్నగా, ఎడతెగకుండా. అది వింటే ఆమెకి ప్రతిసారీ ఆయన ఆపరేటరుగా చేసిన సినిమా హాల్లో ప్రొజెక్టరు గదే గుర్తొస్తుంది. ఈ ఇంటికొచ్చిన కొత్తలో మధ్యాహ్నం కునుకు తీసి లేస్తే ఆయన పక్కగదిలో రీలు మారుస్తున్నాడనే అనుకునేది, అయ్యో క్యారేజీ ఇంకా సర్దలేదే అని గబుక్కున లేచేది, లేచి రెండడుగులు వేశాక తెలిసేది, హాలూ లేదు, ఆయనా లేడు, హాల్లో ఇప్పుడు బాత్రూం పలకలు అమ్ముతున్నారు. టీవీలో బట్టల సబ్బు ప్రకటన. తెల్ల చొక్కా మీద బురద పడింది, పోయింది, మళ్ళీ పడింది. రెండింటికి పాత సినిమా. వారం నుంచి తెర కింద పట్టీలో వేస్తున్నారు, పేరు ఆమే కూడబలుక్కుని చదివింది, పట్టీ మూడుసార్లు తిరిగితే గానీ పూర్తి కాలేదు. ఆ సినిమాయే. ఏడో రీలులో ఆవిడ ఉన్న సినిమా. ఇవాళ ఆవిడ పేరు చదవాలి. యాభై ఏళ్ళుగా చూస్తున్న మనిషి పేరు. చదివితే ఏమవుతుందో ఆమెకి తెలుసు, తెలిసే భయంగా ఉంది, భయంగా ఉండే కళ్ళజోడు మూడోసారి తుడిచింది.

ఆవిడంటే హీరోయిన్ కాదు. హీరో తల్లి కూడా కాదు, హీరో తల్లికి ఏడవడానికి నాలుగు సీన్లుంటాయి, పెద్ద అక్షరాల్లో పేరుంటుంది. ఆవిడ ఒక సినిమాలో పక్కింటావిడ, ఇంకోదాంట్లో ఎదురింటావిడ, ఒకదాంట్లో ఆస్పత్రి నర్సు, ఒకదాంట్లో రైలుపెట్టెలో ఎవరికో మంచినీళ్ళు అందించే మనిషి, కోర్టు సీనులో వెనక బెంచీ మీద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునే మనిషి. ఉంటే ఒక మాట ఉంటుంది, లేదంటే అదీ ఉండదు. గుండ్రటి ముఖం. నవ్వకపోయినా నవ్వు ఆపుకుంటున్నట్టుండే పెదాలు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే తల కాస్త పక్కకి వంచి వింటుంది. ఆ వినడమే. ఆ సినిమాల్లో అందరూ అరుస్తారు, ఏడుస్తారు, కుర్చీలు తన్నేస్తారు, ఆవిడ ఒక్కతే వింటుంది. అలాంటి చిన్నవేషాల వాళ్ళందరినీ ఆయన "మనవాళ్ళు" అనేవాడు. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది, అటువైపు నుంచి ఇద్దరు, ఇటువైపు నుంచి పిన్ని, అంతే, చుట్టాలు లేని కాపురం, అందుకేనేమో తెర మీద చుట్టాల్ని కలుపుకున్నాడు. కళ్ళజోడు డాక్టరు, ఏ సినిమాలో అయినా కళ్ళజోడు తీసి తల అడ్డంగా ఊపడమే ఆయన వైద్యం. అయ్యో బాబాయి, ఎవరు పడిపోయినా ముందు "అయ్యో" అనేది ఆయనే. ఉత్తరాలాయన, పాపం ఎన్ని సినిమాల్లో పోస్టుమానో లెక్కలేదు, ఒక్క శుభవార్త తెచ్చిన పాపాన పోలేదు. మొన్నటి సినిమాలో దొంగ ఈ వారం ఇన్‌స్పెక్టరయితే, "చూశావా, మనవాడికి ప్రమోషనొచ్చింది" అనేవాడు ఆయన. "మొన్న జేబులు కొట్టింది ఇతనే కదండీ" అనేది ఆమె. "అందుకే తీసుకున్నారే. దొంగల అడ్రసులన్నీ తెలిసినవాడు ఇంకెక్కడ దొరుకుతాడు?" అని, తన మాటకి తనే నవ్వుకుని, అన్నం ముద్ద నోట్లో ఉండగానే మిషను దగ్గరకి పరుగెత్తేవాడు, రీలు అయిపోవస్తోందని ఆయనకి చెవితోనే తెలిసేది.

అమ్మ పోయేటప్పటికి ఆమెకి అయిదేళ్ళు. ఫోటో ఒక్కటీ లేదు. అమ్మ పేరు తెలుసు, అక్షరాలు నేర్చుకున్నాక మొట్టమొదట రాసిన మాట అదే, కోడలి కొట్లో తప్పు పడిన జిరాక్సు కాగితం వెనక, ఎవరిదో ఇంటి అగ్రిమెంటు వెనక రాసింది, రాసి చాలాసేపు చూసింది. పేరుంది, ముఖం లేదు. చిన్నప్పుడు రాత్రిళ్ళు కళ్ళు గట్టిగా మూసుకుని ముఖం తెచ్చుకోవాలని చూసేది, చుట్టూ అన్నీ వచ్చేవి, తలుపు గొళ్ళెం, పొగ పట్టిన గోడ, మధ్యలో మనిషి ఉండాల్సిన చోట ఖాళీ. అలా పదిహేనేళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని ఇనుప మెట్లెక్కి ప్రొజెక్టరు గదికి వెళ్ళింది. లోపల వేడి, మండుతున్న కార్బన్ కడ్డీల వాసన, మిషను చప్పుడులో మాట వినపడదు. గోడలో పుస్తకమంత చదరపు రంధ్రం. ఊరికే అందులోంచి తొంగి చూసింది. దూరంగా తెర మీద ఒకావిడ గుమ్మంలో నిలబడి తల పక్కకి వంచి ఎవరి మాటో వింటోంది. "అమ్మ" అనేసింది ఆమె. ఆయన కంగారుపడి చేతులు తుడుచుకుంటూ, "ఎక్కడ? ఏ క్లాసులో కూర్చుంది? టిక్కెట్టు కొనిందా ఏమిటి, చెప్పి ఉంటే నేనే వదిలేవాణ్ణి కదా" అన్నాడు. అని, గుర్తొచ్చి, నాలిక కరుచుకున్నాడు. ఆమె తెర వైపు వేలు చూపించింది. ఆయన రంధ్రంలోంచి చూశాడు, ఆమెని చూశాడు, మళ్ళీ తెరని చూశాడు. "ఆవిడా? ఆవిడ మనవాళ్ళలో మనిషే" అన్నాడు. ఆ తర్వాత కొత్త సినిమా రీళ్ళ పెట్టె వచ్చినప్పుడల్లా, మొదటి ఆట వేసి ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి చెప్పేవాడు. "మీ అమ్మొచ్చింది. అయిదో రీలు." లేదంటే, "ఈసారి రెండుసార్లు ఉంది, మూడులోనూ పదిలోనూ, పదిలో ఏడుస్తుంది, చూడకపోయినా ఫరవాలేదు." ఆమె దాన్ని బట్టి క్యారేజీ సర్దుకునేది. అన్నం కోసం టైము కాదు, అమ్మ కోసం టైము. అలా ఖాళీ నిండింది. కళ్ళు మూసుకుంటే తలుపు గొళ్ళెం, పొగ పట్టిన గోడ, మధ్యలో గుండ్రటి ముఖం, వింటూ.

చొక్కా మీద బురద మళ్ళీ పడింది. నాలుగు నిమిషాలు. పేర్లు మొదట్లోనే వస్తాయి, రెప్ప వెయ్యకూడదు. విచిత్రం ఏమిటంటే వాళ్ళ హాల్లో పేర్లు వేసేవాళ్ళే కాదు. రోజుకి నాలుగాటలు, మధ్యలో ఊడ్చే టైము చాలడం లేదని, "జనం పేర్లు చూడ్డానికి వస్తున్నారా? కోసెయ్" అనేవాడు హాలు యజమాని. పెట్టె రాగానే ఆయన మొదటి రీలులో పేర్లున్న ముక్క కత్తిరించి, చుట్టి, రేకు డబ్బాలో పెట్టేవాడు. సినిమా ఎత్తేసి పెట్టె వెనక్కి పంపేముందు మళ్ళీ అతికించేవాడు. ఒకసారి రెండు సినిమాల పేర్లు డబ్బాలో పక్కపక్కన ఉండి, దీని పేర్లు దానికి, దాని పేర్లు దీనికి అతికించి పంపేశాడు. సంగతి తెలిశాక వారం రోజులు అన్నం సహించలేదు, గుమ్మంలో ఎవరి చప్పుడైనా ఉద్యోగం పోయిందనే లేచి నిలబడేవాడు. ఎవరూ రాలేదు. రెండింటిలో హీరో ఒకడే, జనానికి అది చాలు, ఒక సినిమా పేర్లు చూసి ఇంకో సినిమా చూసి హాయిగా ఇళ్ళకి పోయారు. "బతికిపోయాం" అంది ఆమె. ఆయన నవ్వలేదు. "మనవాళ్ళు చూసుకుని ఉంటారే" అన్నాడు. "ఏ ఊళ్ళోనో ఉత్తరాలాయన పెళ్ళాం పిల్లలూ ఉంటారు, ముందు వరసలో కూర్చుని నాన్న పేరు ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుంది అని చూసి ఉంటారు." ఆ మాట అని చాలాసేపు కత్తెర చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఇంకోసారి, ఈ సినిమాకే, పేర్ల ముక్క కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని, "ఆవిడ పేరు ఇందులో ఉంటుంది. చదవమంటావా?" అన్నాడు. ఆమె కళ్ళు ఆయన వేళ్ళ మధ్య ఆ చిన్న చిన్న నల్ల గళ్ళ మీద పడ్డాయి. తనకి అక్షరం రాదు, గళ్ళలో చీమలున్నట్టున్నాయి, ఆ చీమల్లో ఒకటి ఆవిడ. "వద్దండీ" అంది. "ఎందుకు?" "పేరుంటే ఎవరో అయిపోతుంది." ఆయన అతికించేశాడు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు, డబ్బా లేదు, చదివిపెట్టమని ఎవర్నీ అడగకుండా తనే చదవగలదు. ఆయన పోయాక ఏవో కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నారు ఆఫీసులో, ఆ సిరా రెండు రోజులు వేలికి ఉండిపోయింది, మూడో రోజు కోడలి దగ్గర కూర్చుని అ రాసింది.

ఇదంతా పిన్ని వల్ల. అమ్మకి చెల్లెలు, ఎనభై నాలుగేళ్ళు, మోకాళ్ళు చూపించుకోవడానికి పోయిన వారం వచ్చి రెండ్రోజులుంది. టీవీలో ఏదో పాత సినిమా, అనుకోకుండా ఆవిడ, నర్సు వేషంలో. ఇన్నేళ్ళలో ఆయనకి తప్ప ఇంకెవరికీ చూపించలేదు, ఆ పూట ఏమనిపించిందో, నోరు ఊరుకోలేదు. "పిన్నీ, చూడు చూడు, అచ్చం అమ్మే కదూ!" పిన్ని మోకాలికి రాసుకుంటున్న మందు ఆపి కళ్ళు చికిలించి చూసింది. "ఎవర్తే?" "ఆ నర్సు." "నీ మొహం! మా అక్కది కోలముఖం. బుగ్గలెక్కడివి దానికి, ఎముకలే. ముందు పళ్ళు కాస్త ఎత్తు, మూతి మూసినా మూసినట్టుండేది కాదు. ఇదేమో పూర్ణచంద్రుడిలా ఉంది." ఆమె ఊరుకోలేదు. "పోనీ ఆ వినడం చూడు పిన్నీ, తల అలా పక్కకి పెట్టి..." "వినడమా? మా అక్కా? ఒక మాట ఎవర్నీ పూర్తి చెయ్యనిచ్చేదే కాదే! నీకేం గుర్తుంటుందిలే, గుప్పెడంత ఉన్నావు" అని నవ్వి, "ఈ కాలు కాస్త అందుకో" అంది. పిన్ని మర్నాడు పొద్దున బస్సుకి వెళ్ళిపోయింది. మందు వాసన గదిలో ఉంది. కళ్ళు మూసుకుంటే గుండ్రటి ముఖం అలాగే ఉంది, కానీ ఇప్పుడది అమ్మ కాదు, మరి ఎవరు? యాభై ఏళ్ళు ఎవరి ముఖం పెట్టుకుని అమ్మ కోసం ఏడ్చింది? కొడుకు పుట్టినప్పుడు నొప్పుల్లో అమ్మా అని అరిచినప్పుడు ఎవరు కనిపించారు? పాపం ఆ మనిషికి ఒక ఇల్లు ఉండి ఉంటుంది, పిల్లలు ఉండి ఉంటారు, వాళ్ళ అమ్మ ముఖాన్ని తను ఇన్నేళ్ళు వాడుకుంది, అడగకుండా. తిరిగి ఇచ్చెయ్యాలి. ఇవ్వాలంటే ఎవరిదో తెలియాలి. పేరు తెలిస్తే ఆవిడ ఆవిడవుతుంది. మరి అమ్మ? మళ్ళీ ఆ ఖాళీ. ఈ వయసులో ఆ ఖాళీతో ఎలా వేగడం, ఆయన కూడా లేకుండా. పేరు వద్దా అంటే కావాలి. కావాలా అంటే వద్దు. కోడలు ఫోనులో వెతికి పెట్టింది, హీరో ఉన్నాడు, హీరోయిన్ ఉంది, తల్లి ఉంది, ఇంకో ఇద్దరున్నారు, చివర "తదితరులు" అని ఉంది. "తదితరులంటే ఏమిటమ్మా?" "అంటే... మిగతావాళ్ళు అత్తయ్యా." యాభై ఏళ్ళ అమ్మ తదితరుల్లో ఉంది.

సంగీతం మొదలైంది. పేర్లు ఫోటో తీసిపెడతానని ముందే చెప్పిన కోడలు మెట్లెక్కి వచ్చింది, చెవి మీద పెన్ను, చేతిలో ఫోను, కింద నుంచి ఎవరో "మేడమ్, రెండు వైపులా కావాలి" అంటున్నారు, "వస్తున్నానండీ, ఒక్క నిమిషం, మా అత్తయ్యగారి సినిమా" అని కేక వేసింది. హీరో పేరు ఒక్కటే తెరంతా. హీరోయిన్ పేరు ఒక్కటే తెరంతా. తర్వాత ఇద్దరిద్దరు. తర్వాత నలుగురేసి మగవాళ్ళు, వాళ్ళలో డాక్టరుంటాడు, బాబాయి ఉంటాడు, ఎవరు ఎవరో. తర్వాత ఒక తెర, చిన్న అక్షరాలు, ఆడవాళ్ళు. "అదే అదే!" అంది ఆమె. మొదటి పేరులో మొదటి అక్షరం పట్టుకునే లోపల కోడలు ఫోను టిక్కుమంది, తెర మారిపోయింది. "పడింది అత్తయ్యా. ఇదిగో, ఇలా వేళ్ళతో సాగదీస్తే పెద్దదవుతుంది. వెలుగు పోతే ఒకసారి తాకండి. నేను చదివేసి వెళ్ళనా?" "వద్దు. నువ్వెళ్ళు." కోడలు ఆమె భుజం మీద చెయ్యి వేసి తీసేసింది, దిగిపోయింది. ఫోనులో బొమ్మ. ఏడు పేర్లు. ఏడోది సగమే ఉంది, దాని మీద పలకల దుకాణం ప్రకటన పట్టీ అడ్డం పడింది. ఆమె లెక్కపెట్టింది, మళ్ళీ లెక్కపెట్టింది. ఏడు పేర్లు, ఒకదాని కింద ఒకటి. పక్కన ఏమీ లేదు. పక్కింటావిడ అని లేదు, నర్సు అని లేదు, గుమ్మంలో నిలబడి వినే మనిషి అని లేదు. ఇదా! చదవడం వస్తే చాలనుకుంది. మూడేళ్ళు నేర్చుకుంది. పేర్లు పక్కన ముఖాలుంటాయనుకుంది, ముఖాల పక్కన పేర్లుంటాయనుకుంది, అసలు అనుకోను కూడా అనుకోలేదు, అలా కాక ఇంకెలా ఉంటుంది? ఆయనకి తెలుసేమో. తెలిసే ఆ రోజు "ఇందులో ఉంటుంది" అన్నాడేమో, "ఇదీ" అనకుండా. ఆమెకి నవ్వొచ్చింది, నవ్వుతోపాటు ముక్కు చెమర్చింది.

అయినా చదివింది. ఏం చేస్తుంది మరి. సినిమా నడుస్తోంది, హీరో సైకిలు మీద వస్తున్నాడు, ఆమె ఫోను మీద వంగి చదువుతోంది. మొదటిది మూడక్షరాలు, తేలిగ్గానే వచ్చింది. రెండోదాంట్లో ఒత్తు ఉంది, ఒత్తు కింద కొమ్ము ఉంది, దాంతో చాలాసేపు పెనుగులాడింది, ఈలోపు తెర మీద ఒకరి పెళ్ళి కుదిరి చెడిపోయింది. "అయ్యో" అని వినపడి తలెత్తింది, బాబాయి. సన్నగా ఉన్నాడు ఇందులో, నెత్తిన జుట్టు కూడా ఉంది. బాగున్నావా బాబాయ్. ఆయన లేడు, నీకు తెలిసే ఉండదు. మూడోది చదివింది. కళ్ళజోడు డాక్టరు వచ్చాడు, హీరో తండ్రి మంచం పక్కన కూర్చున్నాడు, నాడి పట్టుకున్నాడు, ఇంకా తియ్యలేదు, ఇంకా తియ్యలేదు, తీశాడు. ఆస్పత్రిలో అయిదో రోజున అసలు డాక్టరు ఆయన మంచం దగ్గరకొచ్చి, కాగితాలు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన నోటి మీద గొట్టం పక్కకి జరిపి, ఆమెని దగ్గరకి రమ్మని సైగ చేసి, "కళ్ళజోడు తీశాడే. మన సీను అయిపోయినట్టే" అన్నాడు. ఆ మాటకి తను ఫక్కున నవ్వింది, డాక్టరు అదోలా చూశాడు, నర్సు అదోలా చూసింది, మొగుడు పోతుంటే నవ్వే మనిషిని వాళ్ళెక్కడా చూసి ఉండరు. అవే ఆఖరి మాటలు కావు, ఆఖరి మాటలు "నీళ్ళు" అనో ఏదో, కానీ ఆమె లెక్కలో అవే ఆఖరివి. ఫోను వెలుగు పోయింది, తాకింది, వచ్చింది. నాలుగోది పొడుగు పేరు, ఏడక్షరాలు, మధ్యలో ఎక్కడ ఆగాలో తెలియదు. అయిదు, ఆరు. ఏడోదాని మీద పట్టీ. ఆరు పేర్లు పెదాల మీద పెట్టుకుంది, మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి, చిన్నప్పుడు ఎక్కాలు వల్లించే పిల్లల్ని కిటికీ బయట నుంచి విన్నట్టు తనని తనే విన్నది. ఆరుగురూ మంచివాళ్ళలాగే ఉన్నారు. ఆరుగురిలో ఎవరి పేరుకీ గుండ్రటి ముఖం అతకలేదు, ఎవరి పేరుకీ అతకకుండానూ లేదు.

ఏడో రీలు వచ్చేసింది. ప్రకటనల మధ్య రీలు లెక్క తప్పుతుందనుకుంది గానీ తప్పలేదు, ఆ వానే చెప్పింది, ఆ వీధి దీపమే చెప్పింది. హీరోయిన్ చంటిదాన్నెత్తుకుని వానలో ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ఎదురింటి తలుపు తెరుచుకుంటుంది, గుమ్మంలో ఆవిడ. హీరోయిన్ ఏదో చెప్తుంది, ఆవిడ తల పక్కకి వంచి వింటుంది, "తలుపు తీసే ఉంచుతాలే" అంటుంది, లోపలికి వెళ్ళబోయి ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుంది. అంతే. తర్వాత ఆ సినిమాలో ఆవిడ లేదు. ఆమె పీట మీద ముందుకి జరిగింది, మోకాలు టీవీ బల్లకి తగిలింది. ఏం చెయ్యబోతోందో తనకే తెలియదు, చేసేటప్పుడే తెలిసింది. వీధిలో ఎవరో తెలిసిన మనిషిలా ఉండి పేరు గుర్తురాకపోతే వెనక నుంచి రెండు మూడు పేర్లు పిలిచి చూస్తాం కదా, ఏ పిలుపుకి తిరుగుతుందోనని. తలుపు తెరుచుకుంది. ఆమె మొదటి పేరు పిలిచింది. "గారూ" కలిపి పిలిచింది, పరాయి మనిషిని మరి. ఆవిడ వింటోంది, హీరోయిన్ మాటే. రెండోది పిలిచింది, ఒత్తు తప్పింది, సరిదిద్ది మళ్ళీ పిలిచింది, టైము పోయింది. మూడోది. "తలుపు తీసే ఉంచుతాలే" అంది ఆవిడ, ఎవరికో. వెనుదిరిగింది. నాలుగోది, ఆ పొడుగు పేరు, మొదటి మూడక్షరాలు వచ్చాయి, నాలుగో అక్షరం దగ్గర నాలిక మడత పడింది, ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

తిరుగుతుందని తెలుసు. ఎవరు పిలిచినా పిలవకపోయినా తిరుగుతుంది, డైరెక్టరు తిరగమన్నాడు, వాళ్ళ హాల్లోనే రోజుకి నాలుగుసార్లు తిరిగింది. ఆమెకి మతి పోలేదు. ఏడోదాన్ని పట్టీ మింగేసింది, ఆవిడది అదే కావచ్చు. అయినా తిరిగింది, సగం పేరుకి తిరిగింది, పేరున్న మనిషి తిరిగినట్టు, ఎవరమ్మా నన్ను పిలిచింది అన్నట్టు. అంత దగ్గర నుంచి ఆమె ఎప్పుడూ చూడలేదు, అప్పుడు ఆ చదరపు రంధ్రంలోంచి, మొన్న పిన్ని పక్కన కూర్చుని గది ఆ చివర నుంచి. దవడ దగ్గర రంగు ఎక్కడ ఆగిపోయిందో కనపడుతోంది. కనుబొమ్మ ఒకటి దిద్దింది, ఒకటి దిద్దడం సరిగా కుదరలేదు. తడిసిన భుజం వణుకుతోంది, ఎన్నిసార్లు తీయించారో ఆ వానలో. ఓరి దేవుడా, చిన్నపిల్ల! ముప్పై కూడా ఉండవు. మా కోడలి కంటే చిన్నది. ఈ పిల్లనా తను అమ్మా అన్నది, ఇన్నాళ్ళూ, ఈ చలికి వణుకుతున్న పిల్లని, వేషం అయిపోతే ఇంటికెళ్ళి తల తుడుచుకుందామని చూస్తున్న పిల్లని. "వెళ్ళమ్మా" అంది ఆమె పైకే. "వెళ్ళు, తల తుడుచుకో. జలుబు చేస్తుంది." ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. సినిమాలో వాన. ఆమె కళ్ళు మూసుకుంది, ఖాళీ ఎంత పెద్దదో చూద్దామని, ఒళ్ళంతా బిగబట్టుకుని.

తలుపు గొళ్ళెం. పొగ పట్టిన గోడ. గుండ్రటి ముఖం లేదు. కోలముఖమైనా రాలేదు, పిన్ని చెప్పిన పళ్ళూ రాలేదు. ఏమీ లేదు, ఏమీ లేదు, ఆ తర్వాత ఎత్తు మారింది. గొళ్ళెం ఎక్కడో పైన కనపడాల్సింది, కళ్ళకి ఎదురుగా కనపడుతోంది, అంటే తను నేల మీద లేదు, ఎవరి చంకలోనో ఉంది. చంకలో ఉన్న పిల్లకి తల్లి ముఖం ఎక్కడ కనపడుతుంది? ముఖం ఎదుటివాళ్ళకి. చంకలో ఉన్నవాళ్ళకి చెవి. ఎడమ చెవి, వేలాడే తమ్మె, చెవి వెనక జుట్టు మొదలయ్యే చోట తెల్లగా ఎండిన సున్నం చుక్క. అమ్మ ఇళ్ళకి సున్నాలు వేసే పనికి వెళ్ళేది, ఎంత రుద్ది కడుక్కున్నా ఆ మూలకి చెయ్యి అందేది కాదు, ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, ఎవరికీ కనపడేది కాదు, తనకి తప్ప. పిన్నికి కూడా తెలియదు ఇది. ఆ చుక్కని గోటితో గీకేది. పొడి రాలి గోటి సందులో ఇరుక్కునేది, కొంచెం ఉప్పగా, కొంచెం నాలిక మీద మంటగా. "ఊరుకోవే, చక్కిలిగిలి" అని భుజం చెవి దాకా ఎత్తి, తల విదిలించి, గడగడా ఎవరితోనో మాట్లాడుతూనే, అవతలి మనిషిని ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వకుండా...

"దొరికిందా అత్తయ్యా పేరు?" మెట్ల మీంచి కోడలు కేకేసింది.

ఆమె పలకలేదు. కళ్ళు తెరవలేదు. మాట్లాడితే అమ్మ దింపేస్తుంది, పెద్దదానివయ్యావు, ఇక నడువు అంటుంది. చూపుడువేలు ఒళ్ళో మెల్లగా, చాలా మెల్లగా గీకుతూనే ఉంది.

నన్ను ఆపరేటరమ్మ అంటారు. అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది కొడుకూ కోడలి దగ్గర, జిరాక్సు కొట్టు పైన, మెట్ల పక్క గదిలో.